పాలమూరు చల్కల్లో బెట్టను తట్టుకునే మక్కను రైతులే తయారు చేసుకోగలరా?

మీరు అడిగింది ముందుగా ఒకసారి రాసుకుంటాను, చదివేవాళ్లకు తెలియాలి కదా. మీది అచ్చంపేట దగ్గరి ఊరు. పన్నెండు మంది రైతులు ఒక సంఘంగా ఉన్నారు. అందరివీ చల్క నేలలే, సగం మందికి బోరు లేదు. ఏటా హైబ్రిడ్ విత్తనం కొని వేస్తున్నారు. ఆగస్టులో ఇరవై రోజులు మొగులు ముఖం చాటేస్తే కంకుల్లో గింజ పట్టడం లేదు. మీరు వ్యవసాయ డిగ్రీ చదివి ఊరికి తిరిగొచ్చారు. "సార్, బెట్టను తట్టుకునే మక్కను మేమే తయారు చేసుకోవచ్చా? వేర్లు లోతుగా పోయే మొక్కల్ని ఏటా ఏరుకుంటూ పోతే సరిపోతుందా?" అన్నది మీ ప్రశ్న.

చేసుకోవచ్చు. అయితే వేర్లు చూసి కాదు, పీచు చూసి.

నేను కల్వకుర్తి ప్రాంతంలో పుట్టినవాణ్ణి. ముప్పై ఏళ్లు మక్క బ్రీడింగ్‌లో, అంటే కొత్త రకాల తయారీలో, పనిచేశాను. వేర్ల గురించి మీకున్న ఆలోచనే మొదటి కొన్నేళ్లు నాకూ ఉండేది. నీళ్లు లేనప్పుడు లోతుకు పోయి తాగే మొక్కే బతుకుతుంది అనుకోవడం ఎవరికైనా సహజమే. దాన్ని నాలో మార్చింది మెక్సికోలో జరిగిన ఒక సుదీర్ఘమైన పని. అక్కడి సిమ్మిట్, అంటే అంతర్జాతీయ మక్క, గోధుమ పరిశోధన కేంద్రం, 1975లో టుక్స్‌పెన్యో అనే మక్క పాపులేషన్‌ను, అంటే రకరకాల గుణాలున్న మొక్కల మందను, తీసుకుని బెట్టలో ఎంపిక మొదలుపెట్టింది. వాన పడని చలికాలంలో పంట వేసేవారు. నీళ్లు పూర్తిగా తమ చేతిలో ఉంచుకుని, సరిగ్గా పూత సమయానికి చేనును కావాలనే ఎండబెట్టేవారు. ఎనిమిది సార్లు అలా ఏరి, కలిపి, మళ్లీ ఏరిన తర్వాత చివరి పాపులేషన్‌ను, మొట్టమొదటి దాన్ని పక్కపక్కన వేసి కొలిచారు. ఒక్కో విడతకు హెక్టారుకు సుమారు 100 కిలోల చొప్పున దిగుబడి పెరిగింది. ఎండిన మడిలోనే కాదు, నీళ్లు బాగా పెట్టిన మడిలో కూడా పెరిగింది. అప్పుడు వేర్లు తవ్వి చూశారు. పై 50 సెంటీమీటర్ల మట్టిలో వేర్ల బరువు పెరగకపోగా మూడో వంతు దాకా తగ్గింది. పైన జల్లు కూడా చిన్నదైంది, కొమ్మలు తగ్గాయి. అంటే ఆ మొక్క కొత్తగా నీళ్లేమీ సంపాదించలేదు. ఉన్న కొద్ది బలాన్నీ వేర్లకు, జల్లుకు పంచకుండా కంకికి పెట్టింది.

ఇది ఎలా జరుగుతుందో మీ చేనులోనే చూడవచ్చు. మక్కలో మగపూత తలమీద వస్తుంది, మనం జల్లు అంటాం. ఆడపూత నడుము దగ్గరి కంకి. కంకిలో ఎన్ని గింజలు పట్టాలో అన్ని పీచు పోగులుంటాయి. ఒక్కో పోగు అడుగున ఒక్కో గింజ. పుప్పొడి ఏ పోగు మీద పడితే ఆ గింజే పడుతుంది. పీచు పొడవు పెరగడం అంతా నీళ్లతో జరిగే పని. మొక్కకు దాహం వేయగానే పీచు పెరుగుదల ఆగిపోతుంది. జల్లు మాత్రం దాదాపు తన రోజుకే వచ్చి, వారం రోజులు పుప్పొడి రాల్చి ఎండిపోతుంది. మంచి చేనులో జల్లుకూ పీచుకూ మధ్య ఒకటి రెండు రోజులే ఎడం ఉంటుంది. బెట్టలో అది ఐదు రోజులు దాటిందంటే కంకి సగం బోడిగా ఉంటుంది. ఎనిమిది, పది రోజులైతే చాలా మొక్కలకు కంకే ఉండదు. పీచు బయటికొచ్చే సరికి చేనులో పుప్పొడి ఉండదు. ఒకవేళ పుప్పొడి పడినా, మొక్కలో తిండి లేక లేత గింజలు రెండు మూడు రోజుల్లోనే మాడిపోతాయి. మీ రైతులు "కంకి పుట్టింది, గింజ లేదు" అంటారే, దాని వెనకున్న కథ ఇదే.

మన కార్తెలు కూడా దీనికి సరిగ్గా సరిపోతాయి. మృగశిర, ఆరుద్రల్లో విత్తిన మక్క 50, 55 రోజులకు జల్లు వేస్తుంది. అంటే ఆగస్టు మొదటి సగం, ఆశ్లేష కార్తె. పాలమూరు, నల్లగొండ వైపు వాన దగా చేసేది తరచుగా అప్పుడే. మోకాలెత్తున ఉన్నప్పుడు పదిహేను రోజులు వాన లేకపోయినా మక్క తేరుకుంటుంది. గింజ గట్టిపడ్డాక ఎండినా నష్టం కొంతే. పూతకు రెండు వారాలు ముందు, రెండు వారాలు వెనక ఉన్న ఆ నెల రోజుల్లో ఎండితే మాత్రం తర్వాత ఎంత వాన కురిసినా పోయిన గింజ తిరిగిరాదు. జొన్నకు ఈ బాధ ఇంత లేదు. దాని ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి. అవసరమైతే కొన్నాళ్లు ఆగి మళ్లీ అందుకుంటుంది.

కాబట్టి మీరు ఏరాల్సింది పూత సమయంలో ఎండినా జల్లుకూ పీచుకూ ఎడం పెరగని మొక్కల్ని. రెండోది, వంద మొక్కలకు ఎన్ని కంకులు వచ్చాయన్న లెక్క. మూడోది గింజ బరువు. గింజ బరువును మూడో స్థానంలో పెట్టానని ఆశ్చర్యపోవద్దు. ఎండిన చేనులో నేల తేడాలు విపరీతంగా బయటపడతాయి. ఒక మూల మట్టి ఒక అడుగు లోతుంటే, ఇంకో మూల రెండున్నర అడుగులుంటుంది. నీళ్లు పుష్కలంగా ఉన్నప్పుడు ఆ తేడా కనిపించదు. ఎండినప్పుడు లోతు మట్టిలోని మొక్క ఇరవై రోజులు పచ్చగా నిలబడుతుంది. ఆ మొక్క దిగుబడి చూసి మురిసిపోతే మనం ఏరుకున్నది మట్టినే గానీ మొక్కను కాదు. ఎడం, కంకుల లెక్క అలా కాదు. కరువులో కూడా అవి మొక్క గుణాన్ని చాలా వరకు నిజంగానే చూపిస్తాయి.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. 1990ల మధ్యలో ఒక యాసంగిలో పదిహేను వందల మొక్కలు ఎండగట్టి, అందులో అరవై మేలైన మొక్కల్ని ఏరాను. ఎంతో సంబరపడ్డాను. మరుసటి ఏడాది వాటి సంతానం వేసి చూస్తే మామూలు రకానికీ వాటికీ తేడానే లేదు. ఒక ఏడాది పని, కూలీల కష్టం అంతా పోయింది. పాత నోటుబుక్కు తీసి, ఏరిన మొక్కలు చేనులో ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు పెట్టుకున్నాను. ముప్పావు వంతు ఒకే మూల నుంచి వచ్చాయి. వెనకటి రోజుల్లో అక్కడ పెంట కుప్ప ఉండేదని ఆ చేనులో పనిచేసే పెద్దాయన చెప్పాడు. అడగాల్సిన మనిషిని ముందే అడగలేదు కదా అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దీనికి మందు చాలా సులువైనది. 1961లో అమెరికాలోని నెబ్రాస్కాలో గార్డ్‌నర్ అనే బ్రీడర్ చూపించిన పద్ధతి ఇది. చేనును చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో ఉన్నవాటిలోనే మేలైనవి ఏరాలి. పెంట కుప్ప దగ్గరి గడి నుంచి మూడు, గట్టు మీది రాళ్ల గడి నుంచి కూడా మూడు. రాళ్ల గడిలో ఏరిన కంకి చేతిలో పెట్టుకుంటే బక్కగా ఉంటుంది, మనసొప్పదు. అయినా అదే తీసుకోండి. ఆ రాళ్లలో దాని పక్కనున్న నలభై మొక్కలకంటే అది మేలు.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. మీకు ఒక అదృష్టం ఉంది. మన దగ్గర యాసంగిలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాన దాదాపు పడదు. బోరున్న ఒక రైతు చేను చాలు, నీళ్లను మన చేతిలో పెట్టుకోవచ్చు. యాసంగిలో ఎండగట్టి పరీక్షించడం, వానాకాలంలో ఏరినవాటిని ఒకదానితో ఒకటి కలపడం. ఇలా ఏడాదికి ఒక విడత పూర్తవుతుంది.

మొదట మూల విత్తనం. ఒకే రకంతో మొదలుపెడితే ఏరడానికి అందులో తేడాలే ఉండవు. ఆరేడు మూలాలు కలపండి. హైదరాబాద్ పరిశోధన నుంచి వచ్చిన అశ్విని, హర్ష, వరుణ్ లాంటి కాంపోజిట్లు, అంటే అనేక మూలాలు కలిపి తీసిన, గింజ దాచి వేసుకోగల రకాలు, ఎక్కడైనా దొరికితే తీసుకోండి. రాజేంద్రనగర్ మక్క పరిశోధన కేంద్రం ఇచ్చిన డీహెచ్ఎం-117, డీహెచ్ఎం-121 హైబ్రిడ్లు కూడా కలపవచ్చు. ఇలా కొత్త రకం తయారీకి ఉన్న రకాన్ని మూలంగా వాడుకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం అనుమతిస్తుంది. మీ చుట్టుపక్కల తండాల్లో ఎవరైనా ఏళ్ల తరబడి దాచుకుంటున్న పాత మక్క ఉంటే అది తప్పకుండా కలపండి. దిగుబడి తక్కువే కావచ్చు, కానీ మన ఎండకు, మన పురుగుకు అలవాటు పడ్డ గుణాలు అందులో ఉంటాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలోనే సిమ్మిట్ వారి ఆసియా మక్క కార్యక్రమం ఉంది. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. రైతు సంఘంగా నేరుగా అడగడం కంటే పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం ద్వారా అడగండి, దారి తొందరగా దొరుకుతుంది. అన్ని మూలాల గింజా సమానంగా కలిపి, వేరే మక్కకు కనీసం 200 మీటర్ల దూరంలో వానాకాలంలో ఒకసారి, వీలైతే రెండుసార్లు వేసి, వాటంతటవే కలవనివ్వండి. దూరం కుదరకపోతే పక్కవారి మక్కకు నెల రోజుల తేడాతో విత్తండి. పుప్పొడి గాలికి వస్తుంది, గట్టు దాన్ని ఆపదు.

అలా కలిసిన చేను నుంచి గళ్ల పద్ధతిలో 150 కంకులు ఏరండి. ఒక్కో కంకిని విడిగా ఒలిచి రెండు కవర్లలో పోసి, రెండింటి మీదా ఒకే నంబరు రాయండి. ఒక కవరు యాసంగి పరీక్షకు. రెండోది బీరువాలో దాచండి. ఆ దాచిన గింజే మీ అసలు ఆస్తి. ఎందుకో తర్వాత చెబుతాను.

నవంబరు మొదటి పక్షంలో ఒక్కో కంకి గింజలను నాలుగు మీటర్ల సాలుగా విత్తండి. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు. కుదురుకు రెండు గింజలు వేసి, మొలిచాక ఒకటి ఉంచాలి. ప్రతి కంకికీ చేనులో రెండు వేర్వేరు చోట్ల ఒక్కో సాలు ఉండాలి. అంటే 300 సాళ్లు, ఏడెనిమిది గుంటల నేల. చుట్టూ రెండు సాళ్లు రక్షణగా వేయండి, లేకపోతే అంచు సాళ్ల లెక్కలు పనికిరావు. ప్రతి పది సాళ్లకు ఒకటి మీరు ఇప్పుడు వేస్తున్న హైబ్రిడ్ పెట్టండి. పోల్చుకోవడానికి అది మన తూకపు రాయి.

నీళ్లు ఎప్పుడు ఆపాలన్నదే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. చలికి యాసంగి మక్క వానాకాలం కంటే ఆలస్యంగా, 65, 70 రోజులకు పూతకు వస్తుంది. చల్క నేల నీళ్లు పట్టి ఉంచదు కాబట్టి పూత రోజుకు పది, పన్నెండు రోజుల ముందు చివరి తడి ఇస్తే చాలు. రేగడిలో అయితే మూడు వారాల ముందే ఆపాలి. లేకపోతే నల్లమట్టి దాచుకున్న తేమతో పంట హాయిగా గట్టెక్కుతుంది, పరీక్షే జరగదు. జల్లు వచ్చే సమయానికి ఉదయం తొమ్మిదికల్లా ఆకులు చుట్టుకుపోతుంటే దాహం సరిగ్గా వేసినట్టు. పూత అయిపోయిన రెండు వారాలకు ఒక తడి ఇవ్వండి, పట్టిన గింజ నిండుతుంది. తడి ఇచ్చేటప్పుడు మొత్తం చేనుకూ ఒకే రోజు, ఒకే లెక్క. కాలువ మొదట్లో ఎక్కువ, చివర తక్కువ అయితే మళ్లీ నా పెంట కుప్ప కథే అవుతుంది. డ్రిప్ ఉంటే చాలా మేలు. మీ పోలిక హైబ్రిడ్‌కు ఇక్కడ మామూలు దిగుబడిలో మూడో వంతు కూడా రాకూడదు. సగం వచ్చిందంటే మీరు జాలిపడి నీళ్లు పెట్టారన్నమాట. ఎండగట్టిన చేనును చూసి ఇంట్లో పెద్దవాళ్లు తిడతారు. వాళ్లకు ముందే చెప్పి, ఆ ఏడెనిమిది గుంటలకూ సంఘం తరఫున కౌలు కట్టేయండి.

పూత మొదలయ్యాక ఇరవై రోజులు ఒక మనిషి రోజూ ఉదయం నోటుబుక్కుతో చేనులో తిరగాలి. సాలులో సగం మొక్కలకు జల్లు విప్పిన తేదీ, సగం మొక్కలకు పీచు కనబడ్డ తేదీ. ఈ రెండే. ఒక్క రోజు తప్పినా ఎడం లెక్క పాడవుతుంది, కాబట్టి ఆ మనిషి పెళ్లిళ్లకు, తిరునాళ్లకు పోకుండా ఉండే మనిషై ఉండాలి. కోతప్పుడు సాలుకు ఎన్ని మొక్కలు, ఎన్ని కంకులు, గింజ ఎంత తూగింది రాయండి. ఆకులు పచ్చగా నిలవడం కూడా చూడండి, కానీ దానికి మోసపోవద్దు. గింజ పట్టని మొక్క కూడా పచ్చగానే ఉంటుంది, తిండి దింపడానికి కంకి లేదు కదా.

ఇప్పుడు దాచిన కవర్ల సంగతి. ఎండగట్టిన చేనులో ఏ పుప్పొడి ఏ కంకి మీద పడిందో తెలియదు, మేలైన సాలుకు పనికిమాలిన సాలు పుప్పొడి పడి ఉండవచ్చు. అందుకే ఆ గింజను ముందుకు తీసుకుపోకూడదు. లెక్కలు చూసి మేలైన 30 కంకుల నంబర్లు తేల్చి, దాచిన కవర్లలోంచి వాటి గింజ తీసి వానాకాలంలో విత్తండి. మూడు సాళ్లు మూడు కంకులవి, నాలుగో సాలు ముప్పై కంకుల గింజా సమానంగా కలిపినది. మూడు సాళ్ల జల్లులు పుప్పొడి రాలకముందే పీకేసి, నాలుగో సాలు పుప్పొడితో కలవనివ్వండి. హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో కూలికి పోయిన ఆడవాళ్లు మీ ఊళ్లో ఉంటే వాళ్లకు ఈ పని కొట్టినపిండి, మనకే నేర్పుతారు. ఒక్కో కంకి సంతానం నుంచి ఐదు మంచి కంకులు, మొత్తం 150. మళ్లీ నవంబరు. ముప్పై కంటే తగ్గించి పది కంకులే మేలైనవని ఏరుకుంటే మొదటి ఏడు బాగుంటుంది, ఆ తర్వాత దగ్గరి చుట్టరికం ఎక్కువై మొక్క గిడసబారుతుంది.

మూడు విడతలు ఓపిక పట్టండి. నాలుగో ఏడు మీ పాపులేషన్‌ను, మొదటి మిశ్రమాన్ని, మీ హైబ్రిడ్‌ను పక్కపక్కన వేస్తే మీ రైతులే తేడా చూసి చెబుతారు.

ఒక జాగ్రత్త. సమయం కలిసొస్తుందని జనవరిలో విత్తవద్దు. మార్చి పూతకు దాహంతో పాటు వేడి కూడా తగులుతుంది. వేడికి పుప్పొడే చచ్చిపోతుంది. బెట్టను తట్టుకునే గుణం వేరు, బెట్ట, వేడి కలిసి వచ్చినప్పుడు తట్టుకునే గుణం వేరు అని ఆఫ్రికా, మెక్సికోల్లో చేసిన పరీక్షల్లో తేలింది. మీ సమస్య ఆగస్టు బెట్ట, దాన్నే పట్టుకోండి.

ఎరువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పేద రైతు బతుకు అక్కడే ఉంది. పరిశోధన కేంద్రాల్లో సిఫార్సు చేసినంత యూరియా వేసి రకాలను పోలుస్తారు. మీ సంఘంలో ఎంతమంది మూడు దఫాలుగా వేస్తున్నారు? వాన రాకపోతే రెండో దఫా యూరియా సంచి ఇంట్లోనే ఉండిపోతుంది. అది రైతు తెలివితక్కువతనం కాదు, తడి లేని నేలలో వేస్తే డబ్బు దండగని తెలిసి చేసే పని. మంచి కబురేమిటంటే, బెట్టలో ఏరిన మక్క నత్రజని తక్కువైన నేలలో కూడా మెరుగ్గా కాసిందని సిమ్మిట్ బ్రీడర్లు బాన్‌జిగర్, ఎడ్మీడ్స్, లఫిట్ 1999లో చూపించారు. రెండు కష్టాల్లోనూ మొక్క ముందుగా వదిలేసేది కంకినే. కంకిని వదలని గుణం వచ్చిందంటే రెండు చోట్లా పనికొస్తుంది. ఆ తర్వాత ఆఫ్రికా ఖండపు తూర్పు, దక్షిణ దేశాల్లో ఇలా కష్టంలో ఏరిన హైబ్రిడ్లను కంపెనీల హైబ్రిడ్లతో పోల్చి చూశారు. హెక్టారుకు రెండు నుంచి ఐదు టన్నులు వచ్చే చేలల్లో తేడా బాగా కనిపించింది. అంతకంటే మంచి చేలల్లో ఆ తేడా తగ్గిపోయింది. బోరు లేని మీ రైతులు ఉన్నది సరిగ్గా ఆ కింది మెట్టులోనే. అందుకే మీ పరీక్ష చేనులో యూరియా సగమే వేయండి, మీ రైతు నిజంగా వేసినంత.

మీ పద్ధతి కొత్తదేం కాదు. గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలో పేద గిరిజన రైతులతో కలిసి ఇలాగే మక్క పాపులేషన్‌లో ఏరి జీడీఆర్ఎం-187 అనే రకాన్ని తీశారు. అక్కడి నేలలు కూడా పలచనివే. పాత రకం కంటే వారం రోజులు ముందే పీచు వేసే ఆ రకాన్ని ఆ రాష్ట్రంలో విడుదల చేశారు. వారం అంటే చిన్న సంగతిలా ఉంటుంది గానీ చివరి వాన ముందే ఆగిపోయిన ఏడు ఆ వారమే పంట. అలాగని మరీ పొట్టికాలం వెంట పడకండి. 80 రోజుల్లో అయిపోయే మక్క బెట్టను తప్పించుకుంటుందే గానీ తట్టుకోదు. బెట్ట దాని పూత మీదే పడితే అదీ పోతుంది, వాన బాగున్న ఏడు దిగుబడి కూడా తక్కువే.

రైతులను అడగకుండా ఏ రకాన్నీ ఖాయం చేయకండి. మీ ఊళ్లో ఒక చోట పెద్ద ట్రయల్ పెట్టి, అందులోని మూడు నాలుగు రకాలను ఒక్కో రైతు చేనులో కొద్దిగా వేయించండి. మలావీలో మొదలైన ఈ పద్ధతిని తల్లి, పిల్ల ట్రయల్స్ అంటారు. రైతు చూసే గుణాలు మన నోటుబుక్కులో ఉండవు. సొప్ప పశువులు తింటాయా, కాండం బర్రెలు నమలలేనంత గట్టిగా ఉందా. కంకి కొసదాకా పొట్టు మూసుకుందా, లేకపోతే చిలుకలు, ముసురు వానకు బూజు. నిల్వలో ముక్కు పురుగు త్వరగా పడుతుందా. నల్లమల అంచున మీకు అడవి పందుల బెడద ఉంది, కాండం మెత్తగా ఉండి పడిపోయే మొక్కల్ని అవి ముందు తొక్కుతాయి. కందితో కలిపి వేస్తారు కాబట్టి కంది సాలు పక్కన కూడా ఎలా కాస్తుందో చూడాలి. ఇంకొకటి, పూత సమయంలో ఎండిన మక్కకు కాండం కుళ్ళు తెగులు బాగా వస్తుంది. లోపల నల్లగా మసిపట్టి, కోతకు ముందే పడిపోతుంది. యాసంగి చేనులో అలా పడిన సాళ్లను ఎంత గింజ కాసినా వదిలేయండి.

హైబ్రిడ్ మానేయాలా అని మీ వాళ్లు అడుగుతారు. బోరున్నవాళ్లు మానవద్దు, నీళ్లున్న చోట మంచి హైబ్రిడ్‌ను మీ కాంపోజిట్ అందుకోలేదు. బోరు లేనివాళ్ల లెక్క వేరు. ఎకరాకు ఎనిమిది కిలోల విత్తనం ప్రతి ఏటా కొనాలి, ఎందుకంటే హైబ్రిడ్ గింజ దాచి వేస్తే రెండో తరంలోనే దిగుబడి పడిపోతుంది. మీ కాంపోజిట్ గింజను దూరం పాటించి, రెండు మూడు వందల కంకుల నుంచి కలిపి దాచుకుంటే మూడేళ్లు ఇబ్బంది ఉండదు. ఆ ఏడు వాన ఎగ్గొడితే, విత్తనానికి పెట్టిన అప్పయినా రైతు నెత్తిన ఉండదు.

గింజ పంచుకోవడానికి చట్టం అడ్డు రాదు. ఇందాక చెప్పిన చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. సంచి మీద బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు. అదే సెక్షన్‌లో ఇంకో సంగతి ఉంది, మీ రైతులందరికీ చెప్పండి. ఆ చట్టం కింద నమోదైన రకాన్ని అమ్మేవాళ్లు అది ఏ పరిస్థితుల్లో ఎంత కాస్తుందో చెప్పాలి. చెప్పినట్టు కాయకపోతే రైతు పరిహారం అడగవచ్చు. కాబట్టి ప్యాకెట్ మీద "బెట్టను తట్టుకుంటుంది" అని ఉంటే ఆ ప్యాకెట్, బిల్లు రెండూ దాచిపెట్టుకోవాలి. జన్యుమార్పిడి బెట్ట మక్క గురించి కూడా అడిగారు. అమెరికాలో ఉంది, మన దేశంలో సాగుకు అనుమతి లేదు. దానికోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు, ఇప్పటిదాకా నేను చెప్పిన మెరుగుదల అంతా మామూలు ఎంపికతో వచ్చిందే.

చివరిగా, మీ సంఘంలో కొందరికి మక్కే వద్దని చెప్పాల్సి వస్తుంది. బెట్టను తట్టుకునే మక్క అంటే వాన లేకుండా కాసే మక్క కాదు. మిగతావి ఐదు క్వింటాళ్లు కాసిన చోట అది ఏడో, ఎనిమిదో కాయవచ్చు, అంతే. అడుగు లోతు లేని దుబ్బ నేలలో, కింద మొరం తగిలే చోట ఎంత ఏరినా మక్క అప్పు తీర్చదు. అక్కడ జొన్న, సజ్జ, కంది, ఆముదమే వేయించండి. మా నాన్నకు అలాంటి రెండెకరాలుండేవి. పచ్చజొన్న తప్ప ఏదీ ఇంటికి చేరేది కాదు.

అందుకని విత్తనం వెతకడం కంటే ముందు ఒక పని చేయండి. ఈ వానలు ఆగగానే పన్నెండు మంది చేలల్లోనూ నాలుగు మూలలా, నడుమ ఒకటి, ఐదు గుంతలు తవ్వించి, మొరం ఎంత లోతులో తగిలిందో కొలిచి రాయండి. యాసంగి పరీక్షకు అనుకుంటున్న చేనులో అయితే పది అడుగులకొకటి. ఎక్కడ పాత పెంట కుప్ప ఉండేదో, ఎక్కడ పూడ్చిన బావి ఉందో ఆ చేను దున్నిన పెద్దవాళ్లను పక్కన నిలబెట్టుకుని అడగండి. ఆ కొలతలు ఇక్కడ పెడితే గళ్లు ఎలా గీయాలో, నీళ్లు ఏ రోజు ఆపాలో మీ చేనుకు సరిపోయేలా లెక్క వేసి చెబుతాను.